డెల్టా లేత్ షాపు నుంచి విమాన విడిభాగాల దాకా

విమాన పరిశ్రమ పోటీలో నిలవాలంటే విడిభాగాలు దేశంలోనే తయారు కావాలన్న ఉద్దేశంతో కేంద్రం కల్పించిన వెసులుబాట్లను, తణుకు, భీమవరం ప్రాంతాల్లో రైసుమిల్లులకూ చేపల చెరువుల ఏరియేటర్లకూ సామాన్లు చేసిచ్చే లేత్ షాపులు కూడా వాడుకోవచ్చు.

ముందుగా చిన్న పరిశ్రమల నమోదుకు కేంద్రం నడిపే ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. అది ఉచితం, దళారీకి రూపాయి కూడా ఇవ్వనక్కరలేదు. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి జరపాలన్న నిబంధనకూ, టెండరు ధరావతు మినహాయింపుకూ ఆ నమోదే ఆధారం. తరువాత, రక్షణ శాఖ 2020లో ప్రారంభించిన సృజన్ పోర్టల్‌లో, ఇక్కడే తయారు చేయించాలనుకుంటున్న దిగుమతి వస్తువుల జాబితా చూసి, మీ యంత్రంపై నిజంగా చేయగలిగిన ఒకటి రెండింటికే ఆసక్తి తెలపండి.

అసలు కష్టం కొలతల దగ్గర వస్తుంది. కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు కాగా, 35 డిగ్రీల షెడ్డులో 100 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క సుమారు 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) పెరుగుతుంది; రైసుమిల్లు షాఫ్టుకు పట్టించుకోని ఆ తేడాకే ఇక్కడ సరుకు తిరిగి రావచ్చు. అందుచేత చిన్న ఏసీ గది కట్టి, ముక్కనూ మైక్రోమీటరునూ కొన్ని గంటలు పక్కపక్కనే ఉంచి కొలవండి. మన తేమ గాలికి ఉక్కు ముక్కలు త్వరగా తుప్పు పడతాయి కనుక తుప్పునిరోధక నూనె పూయడం మరవకండి. ఏ ముక్క ఏ కడ్డీ నుంచి వచ్చిందో రాసే రిజిస్టరు లేనిదే విమాన పరిశ్రమ నాణ్యతా ప్రమాణమైన ఏఎస్9100 ధ్రువపత్రం ఆశ పెట్టుకోకూడదు.

సరుకు తీసుకున్న సంస్థ 45 రోజులు దాటినా బిల్లు చెల్లించకపోతే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.