ఫాగింగ్ కొట్టినా దోమ తగ్గట్లేదా? ముందు నీళ్లు చూడండి

సమస్య: ఫాగింగ్ చేసిన రెండు రోజులకే దోమలు మళ్లీ మామూలే.

పొగ ఎగిరే దోమనే చంపుతుంది, నీళ్లలో ఉన్న లార్వాని (దోమ పిల్లపురుగుని) ఏమీ చేయదు. మన ఎండలకి గుడ్డు దోమ అవడానికి వారం, పది రోజులు చాలు. తొట్లు, డ్రమ్ములు వారానికోసారి ఖాళీ చేసి గట్టిగా తోమి ఆరబెట్టండి.

సమస్య: మురుగు కాలువ బాగు చేయించాం, ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన పొట్టు ఉండలు) వేశాం, అయినా వీధిలో మలేరియా.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. మురుగులో పెరిగేది క్యూలెక్స్ దోమ, అది తెచ్చేది బోదకాలు. మలేరియా మోసే అనాఫిలిస్‌కి ఇష్టం తేట నీళ్లు: వరిచేలు, పంట బోదెలు, వాడని నూతులు, వేసవిలో ధవళేశ్వరం నుంచి నీళ్లు కట్టేశాక కాలువ అడుగున గుంటల్లో మిగిలిపోయే నీళ్లు. తెల్ల గిన్నెతో అంచు దగ్గర నెమ్మదిగా ముంచి, కదపకుండా ఒక నిమిషం చూడండి. లార్వా నీటిమీద పుల్లలా అడ్డంగా పడుకుంటే అనాఫిలిస్, తల కిందికి వేలాడుతుంటే వేరే దోమ. మా పెరటి నూతి నీళ్లు అంత తేటగా ఉంటాయా, గిన్నె ముంచితే పది పన్నెండు పుల్లలు!

నూతిలో లార్వాని తినే గంబూసియా చేపలు వేయించండి, చెరువులో మాత్రం వద్దు, మన చేపపిల్లల్నీ తినేస్తాయి. గుంటలు పూడ్చండి. చేలో నీరు ఆరగట్టి పెట్టడం మంచిదే కానీ ఒక్కరు చేస్తే లాభం లేదు, ఆ బోదె కింద రైతులంతా కలిసి రావాలి, అది నిజంగా కష్టమైన పని.

సమస్య: ఇంట్లో గోడలకి మందు కొట్టారు, పనిచేయలేదు.

పండక్కి సున్నం వేశారా? మందంతా దాని కిందే ఉండిపోయింది. అదీకాక, చాలాచోట్ల అనాఫిలిస్ డీడీటీ, మలాథియాన్ లాంటి గోడ మందులకి తట్టుకుంటోంది. అందుకని మందు పట్టించిన దోమతెర వాడండి, ఉతికాక ఎండలో కాదు, నీడలో ఆరేయండి. ఉక్కగా ఉందని పిల్లల్ని తెర బయట పడుకోబెట్టకండి, ఈ దోమ కుట్టేది రాత్రిపూటే.

సమస్య: తగ్గిన చలిజ్వరం రెండు మూడు నెలలకి మళ్లీ.

మలేరియాలో వైవాక్స్ రకం క్రిమి లివర్‌లో దాక్కుంటుంది. దాన్ని చంపడానికి ప్రైమాక్విన్ అనే మందు సాధారణంగా 14 రోజులు ఇస్తారు, జ్వరం తగ్గిందని మధ్యలో మానేస్తే తిరగబెట్టొచ్చు, ఆ మనిషిని కుట్టిన దోమ ఇంకొకరికి అంటిస్తుంది. గర్భిణులు ఈ మందు వేసుకోకూడదు, మిగతావాళ్లు కూడా డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టండి.