విదేశీ హోల్‌సేల్ బజారులో బూట్లు కొనేటప్పుడు

విదేశీ ప్రయాణంలో ఉండగా చవకగా దొరుకుతాయన్న ఆశతో బూట్ల హోల్‌సేల్ బజారుకు వెళ్లేవారు ముందుగా తెలుసుకోవలసినది ఒకటుంది. ఆ బజారు కాలికి తొడుక్కునేవారి కోసం కాక, కొట్లో పెట్టి అమ్ముకునేవారి కోసం ఏర్పడినది. గోడల అరల్లో వరుసగా కనిపించేవి చాలావరకు నమూనాలు. అసలు సరుకు గోదాములో కార్టన్లలో ఉంటుంది, ఒక్కో కార్టన్‌లో వేర్వేరు సైజుల జతలు కలిపి డజను చొప్పున సర్ది ఉండడం పరిపాటి. కాలు కొలిచి చూసే మనిషి ఉండడు, డబ్బు చెల్లించాక సరుకు వెనక్కి తీసుకోవడం అరుదు. రిటైల్ దుకాణంలో అమ్మకందారు చేసే పనులన్నీ ఇక్కడ కొనేవారే చేసుకోవాలి కనుక, సగం పని బయలుదేరక ముందే పూర్తికావాలి.

ఆ సగం పని పాదాన్ని మిల్లీమీటర్లలో కొలుచుకోవడం. రోజంతా నడిచాక పాదాలు కొద్దిగా ఉబ్బుతాయి కాబట్టి సాయంత్రం పూట కొలవడం మంచిది. నేలమీద కాగితం పరిచి, మడమను గోడకు ఆనించి, బరువంతా ఆ కాలిమీదే మోపి నిలబడి, అన్నిటికంటే ముందుకు వచ్చిన వేలి కొసన గీత గీయాలి. అది బొటనవేలే కానక్కరలేదు, కొందరికి రెండో వేలు పొడవుగా ఉంటుంది. రెండు పాదాలూ సమానంగా ఉండడం అరుదు గనుక రెండింటినీ కొలిచి, పెద్దదాని లెక్కనే తీసుకోవాలి. వేళ్ల మూలం దగ్గర, పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉన్నచోట, టేపు చుట్టి ఆ చుట్టుకొలతను కూడా రాసుకుంటే మరీ మంచిది.

ఇంత శ్రమ ఎందుకంటే, సైజు అంకెలు దేశానికొక రకంగా ఉంటాయి. యూరప్ లెక్కలో ఒక సైజుకూ మరో సైజుకూ తేడా సెంటీమీటరులో మూడింట రెండు వంతులు. బ్రిటిష్ లెక్కలో అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. ఈ తేడాలే వేరు కావడంతో ఏ పట్టిక చూసినా రెండు లెక్కలూ కచ్చితంగా కలవవు, ఒక తయారీదారు పట్టిక మరొకరి పట్టికతో సరిపోదు. కొరియాలో పాదం పొడవునే మిల్లీమీటర్లలో, జపాన్‌లో సెంటీమీటర్లలో సైజుగా రాస్తారు. చైనా సరుకుమీద 250 అన్న అంకె కనిపిస్తే అది 250 మిల్లీమీటర్ల పాదానికి చేసినదని అర్థం. యూరప్ లెక్కలో అది ఇంచుమించు 40. అందువల్ల భాష తెలియని చోట "నాకు ఫలానా సైజు" అని చెప్పడం కంటే కాలిక్యులేటర్‌లో మిల్లీమీటర్ల అంకె కొట్టి చూపించడం సులువు.

ఏ బజారుకు వెళ్లాలన్నది కూడా ఆలోచించవలసిందే. చైనాలోని ఈవూ అంతర్జాతీయ వ్యాపార నగరం కార్టన్ల లెక్కన కొనేవారికి అనువైనది. ఒకటి రెండు జతలు కావలసినవారికి అక్కడ విసుగే మిగలవచ్చు. అదే దేశంలోని గ్వాంగ్‌జౌలో రైల్వే స్టేషన్ పడమటి వైపు వీధి, ఇస్తాంబుల్‌లో గెదిక్‌పాషా పేట బూట్ల టోకు వ్యాపారానికి పేరుపడ్డవి. సియోల్‌లోని తోంగ్‌దేమున్‌లో టోకు దుకాణాలు అనేకం రాత్రిపూట తెరుస్తారు. ఎక్కడైనా సరే, ధర అడగక ముందు ఒక్క జత ఇస్తారా అన్నది అడగాలి. ఇవ్వబోమని చెబితే వాదించకుండా ముందుకు సాగిపోవడమే మర్యాద, ఎందుకంటే కార్టన్ విప్పి ఒక సైజు తీసేస్తే మిగిలినది ఆ వ్యాపారికి అమ్ముడుపోని సరుకవుతుంది.

ఇస్తామన్నప్పుడు నమూనాను చూసి తృప్తిపడకుండా, చేతికిచ్చే జతనే పరీక్షించాలి. నా దృష్టిలో ఇది బేరం కంటే ముఖ్యం. మొదట రెండు బూట్ల అడుగు భాగాలను ఒకదానికొకటి ఆనించి, పొడవూ వెడల్పూ సమానమో కాదో, రెండింటిమీదా ఒకే సైజు అచ్చయిందో లేదో చూడాలి. హడావుడిలో రెండు సైజులు ఒకే పెట్టెలోకి చేరడం జరుగుతుంది. బల్లమీద నిలబెడితే ఊగకూడదు. ముందు కొస, మడమ పట్టుకొని వంచితే వేళ్ల మూలం ఉండేచోట వంగాలి. నడిమధ్యలో మడతపడే బూటు నడకలో పాదానికి ఆసరా ఇవ్వదు. వంచిన ఆ క్షణంలోనే సోలుకూ పైభాగానికీ మధ్య జిగురు విడుతున్నదా అని బొటనవేలితో తడిమి చూడాలి. తరువాత లోపలికి చెయ్యి పెట్టి, మడమ దగ్గర అస్తరు అంచునూ ముందు భాగంలోని కుట్లనూ వేళ్లతో నెమ్మదిగా రాసి చూడాలి. చేతికి గరుకుగా తగిలిన ముడి నాలుగు అడుగులు వేశాక కాలిని కరిచి తీరుతుంది. చివరగా, రెండు కాళ్లకూ తొడిగి నిలబడినప్పుడు వేలి కొస ముందు ఇంచుమించు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. వాడగా సాగుతుందన్న మాట విని ఇరుకు బూటు తీసుకోవద్దు. తోలు వెడల్పులో కొంత సాగవచ్చు కానీ పొడవులో సాగదు, రెక్సిన్ అంతకంటే తక్కువ సాగుతుంది.

తోలా, రెక్సినా అన్నది అంచు చూస్తే తెలుస్తుంది. కోసిన అంచులో పీచు కనిపిస్తే తోలు. గుడ్డమీద పూత పొర కనిపిస్తే రెక్సిన్. యూరోపియన్ యూనియన్ దేశాల్లో పైభాగం, అస్తరు, సోలు దేనితో చేశారో గుర్తుల ద్వారా గానీ మాటల్లో గానీ తెలపాలని 1994 నాటి ఆదేశం చెబుతుంది. గుర్తుల్లో పరిచిన చర్మం ఆకారం ఉంటే తోలు, అల్లిక గుర్తు ఉంటే బట్ట, ఒట్టి డైమండ్ ఆకారం ఉంటే ఇతర పదార్థాలు.

పాత సరుకును తక్కువ ధరకు అమ్మేచోట మరొక జాగ్రత్త అవసరం. పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సోలు వాడకపోయినా గాలిలోని తేమ వల్ల ఏళ్ల తరబడి లోలోపల విచ్ఛిన్నమవుతూ వస్తుంది, కొత్తదిగా కనిపించిన జతే కొద్దిపాటి నడకకు పొడిగా రాలిపోతుంది. సోలును గోటితో నొక్కినప్పుడు జిగటగా అనిపించినా, పగుళ్లు కనిపించినా వదిలేయడం మేలు.

ధర మాట్లాడేటప్పుడు చెప్పిన అంకె విడిగా కొనే ఒక జతకా, కార్టన్ లెక్కలో ఒక జతకు పడే ధరా అన్నది స్పష్టం చేసుకోవాలి. విడి జతకు కొంత ఎక్కువ అడగడం న్యాయమే. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లి ఒకే దుకాణంలో కొంటే తగ్గించమని అడగడానికి బలం ఉంటుంది. చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోవాలి. చైనాలో అయితే అలీపే, వీచాట్ పే అనే చెల్లింపు యాప్‌లకు విదేశీ కార్డును ముందే జతచేసుకోవడం మంచిది.

ప్రసిద్ధ బ్రాండ్ల గుర్తులతో నమ్మలేనంత చవకగా కనిపించేవి నకిలీలని భావించి దూరంగా ఉండాలి. కస్టమ్స్‌లో స్వాధీనం చేసుకోవచ్చు. ఇటలీ, ఫ్రాన్స్ వంటి దేశాల్లో కొన్నవారికి కూడా జరిమానా పడవచ్చు. కొండచిలువ, మొసలి చర్మాలతో చేసినవాటిని సరిహద్దు దాటించడానికి అనుమతిపత్రం అవసరం కావచ్చు.

తిరుగు ప్రయాణంలో పెట్టెలు తీసేసి, బూట్ల లోపల మేజోళ్లు కుక్కి సర్దితే ఆకారం చెడదు, చోటూ కలిసివస్తుంది. రసీదును మాత్రం సూట్‌కేసులో కాక చేతి సంచిలో ఉంచుకోవాలి, ఎందుకంటే ఒకే సైజు, ఒకే రకం జతలు ఎక్కువగా ఉంటే అవి అమ్మకానికని అనుమానించి కస్టమ్స్ అధికారులు సుంకం అడిగే అవకాశం ఉంది, అప్పుడు ధరను రుజువు చేసేది ఆ కాగితమే.