సాన్ గిలెమ్ ల దెజేర్ వెళ్లేవాళ్లకు

దక్షిణ ఫ్రాన్స్‌లో మోంపెలియే నుంచి సుమారు 40 కిలోమీటర్లు, ఎరో నది లోయలో ఉందీ ఊరు. ఎండాకాలంలో అయితే కారు ఊరిదాకా తీసుకెళ్లకండి. కొండకీ నదికీ మధ్య సన్నటి దారి, పైన పార్కింగ్ కొంచెమే, పొద్దున్నే నిండిపోతుంది. కింద దయ్యం వంతెన (11వ శతాబ్దపుది) దగ్గర బండి ఆపి, సీజన్‌లో తిరిగే షటిల్ బస్సు ఎక్కండి. పదిలోపు చేరితే సందులు ఖాళీగా ఉంటాయి.

804లో వెలసిన జెలోన్ మఠం తప్పక చూడాలి. లోపలి వరండాలో స్తంభాలు తక్కువగా కనిపిస్తాయి. చాలా భాగం న్యూయార్క్‌లోని క్లాయిస్టర్స్ మ్యూజియానికి చేరింది మరి.

అసలు అందం ఊరి వెనకే ఉంది. వెర్దూస్ వాగు పక్కన 'బూ దు మోంద్' వీధి పట్టుకుని పైకి నడిస్తే అర్ధచంద్రంలా నిలబడ్డ సున్నపురాయి కొండలు. దారంతా వదులు గులకరాళ్లు, చెప్పులేసుకుంటే దిగేటప్పుడు జారతాయి. పట్టున్న బూట్లు వేసుకోండి. నీడ తక్కువ, మనిషికి 2 లీటర్ల నీళ్లు ఉండాలి. కార్చిచ్చు ప్రమాదం ఎక్కువున్న రోజుల్లో అడవి దారులు మూసేస్తారు, ముందురోజే కనుక్కోండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో భారీ వర్షసూచన ఉంటే వాగువైపు వెళ్లొద్దు. నీళ్లు చూస్తుండగానే పెరుగుతాయి.

తలుపులకు కొట్టిన ఎండు పువ్వును గమనించండి. గాలిలో తేమ పెరిగితే దాని రేకులు ముడుచుకుంటాయి. కొండమీద కనిపిస్తే మాత్రం కోయకండి.