ఇంట్లోనే బైబిలు కథలు, మూడో పాఠం: నీళ్ల మీద జమ్ముపెట్టె

పోయిన పాఠంలో నోవహు ఓడ చేశాం. ఈసారి కూడా నీళ్లే, పెట్టే. కానీ లోపల ఉండేది జంతువులు కాదు, మూడు నెలల పసివాడు మోషే. నిర్గమకాండము 2వ అధ్యాయం, మొదటి పది వచనాలు. మొదలుపెట్టే ముందు ఇంట్లో పాఠం చెప్పేవాళ్లు ఆ పది వచనాలూ, వాటికి ముందున్న 1:22 కూడా నెమ్మదిగా చదువుకోవాలి. ఇది మీకోసమే, పిల్లకు చదివి వినిపించడానికి కాదు. ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డకు గ్రాంథికం చెవికెక్కదు.

ఈ పాఠాలన్నిటికీ మనం పెట్టుకున్న నియమం ఒకటుంది: పిల్ల చేతులు చేసే పనే కథలో జరిగే పని కావాలి. మోషే బొమ్మ అచ్చువేసిన కాగితం ఇచ్చి రంగులు వేయమంటే ఆ చేతులు నేర్చుకునేది రంగు వేయడమే, కథ కాదు. వేసవిలో మన సంఘాల్లో జరిగే వీబీఎస్‌లో (సెలవుల్లో పిల్లలకు నడిపే బైబిలు బడిలో) చేయించే కత్తెర పనులు, చార్టు పనులు పెద్ద పిల్లలకు బాగానే ఉంటాయి. మూడేళ్లలోపు వాళ్లకు అవి పనికిరావు. ఈ కథలో పనులు నాలుగు: దాచడం, పెట్టెలో పెట్టడం, నీళ్ల మీద వదలడం, ఎత్తుకోవడం. నాలుగూ పసిచేతులకు వచ్చిన పనులే. అందుకే ఈ కథను ముందుగా ఎంచుకున్నాం.

కావలసినవి

మోదుగాకు డొప్ప ఒకటి. మూతి ఆరంగుళాల వెడల్పు ఉండాలి, అడుగు చదునుగా ఉండాలి. ప్రసాదం పెట్టే చిన్న డొప్ప చాలదు, బరువు పెట్టగానే ఒక పక్కకు ఒరుగుతుంది. నల్లగొండ, దేవరకొండ, అచ్చంపేట వైపు ఇస్తరాకులు కుట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. దొరికితే చేత్తో కుట్టిన డొప్పే తీసుకోండి. మిషను మీద వత్తినది గట్టిగానే ఉంటుంది కానీ, ఈ పాఠానికి కుట్టిన డొప్పకు ఉన్న చిల్లులే అవసరం. ఎందుకో కింద చెప్తాం.

గింజలు ఒలిచేసిన మక్కజొన్న బెండు, మూడంగుళాల ముక్క. ఇదే మన బాబు. బెండు తేలిక, నీళ్లలో పడ్డా తేలుతుంది. చపాతీ పిండితో బాబును చేస్తే తడికి జిగటగా కారిపోతుంది. గుడ్డ ఉండతో చేస్తే నీళ్లు పీల్చి బరువెక్కి డొప్పను ముంచుతుంది. బెండుకు రెండు కొసలూ కప్పేలా పాత నూలు చీర ముక్కను ఒక్క చుట్టు చుట్టి, దారంతో గట్టిగా ముడివేసి, దారం కొసలు కత్తిరించేయండి. కళ్లకు గుండీలు కుట్టొద్దు, పూసలు అతికించొద్దు. ముఖం లేకపోయినా పిల్లకు అది బాబే.

జమ్ము కోసం మక్కజొన్న కంకి మీది పొట్టు. తెలుగు బైబిల్లో ఉన్న మాట జమ్మే, జమ్ము మన చెరువుల అంచున పెరుగుతుంది. కానీ దానికోసం బిడ్డను చెరువు గట్టుకు తీసుకెళ్లొద్దు. అక్కడే కలిసి పెరిగే తుంగ, రెల్లు ఆకుల అంచులు లేత చేతులను కోస్తాయి. పొట్టు మెత్తగా ఉంటుంది, వేలెడు వెడల్పు పేలికలుగా చీల్చడం రెండేళ్ల పిల్లకు కూడా చేతనవుతుంది.

ఇవి కాక జానెడు కొవ్వొత్తిలో సగం, మైదా మూడు పెద్ద చెంచాలు, వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, పెద్ద తువాలు.

కొన్నిటిని మాత్రం ఇంట్లో పిల్లకు అందే చోట నుంచే తీసేయాలి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఆముదం చేలు ఎక్కువ. ఆముదం గింజలు మచ్చలతో నిగనిగలాడుతూ ముచ్చటగా కనిపిస్తాయి, పిల్లలు ఏరుకొచ్చి ఆడుకుంటారు. అవి విషం. నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఎర్రగా నల్ల చుక్కతో ఉండే గురిగింజలు కూడా అంతే. గింజలు అతికించే చేతిపనులు ఈ వయసుకు అసలే వద్దు. చింతగింజ విషం కాకపోయినా గొంతుకు అడ్డం పడుతుంది. థర్మాకోల్ తుంచితే పూసలుగా రాలి ముక్కులోకి పోతుంది, దాన్నీ దూరం పెట్టండి.

జిగురు

మైదాను ముందు పావు గ్లాసు చల్లటి నీళ్లలో ఉండ లేకుండా కలపాలి. ముప్పావు గ్లాసు నీళ్లు మరుగుతుండగా దాన్ని సన్నటి ధారగా పోస్తూ కలుపుతూ ఉండాలి. సన్నమంట మీద రెండు మూడు నిమిషాల్లో తెల్లదనం పోయి పలచని గంజిరంగు వస్తుంది, అప్పుడు దించేయండి. పొడి మైదాను నేరుగా వేడినీళ్లలో వేస్తే పైపొర ఉడికి లోపల పిండి పచ్చిగా మిగిలిపోతుంది. ఆ ఉండలు తర్వాత ఎంత కలిపినా విడవవు. గోడ పోస్టర్లు అతికించేవాళ్లు పురుగు పట్టకుండా మైదాలో మైలుతుత్తం వేస్తారు. ఆ జిగురు అడిగి తెచ్చుకోవద్దు, మైలుతుత్తం విషం. పసిపిల్లల వేళ్లు నోట్లోకి వెళ్లి తీరుతాయి కాబట్టి జిగురులో తినకూడనిది ఏదీ ఉండకూడదు. గోధుమ పడని బిడ్డ ఉంటే మెత్తగా ఉడికిన అన్నం మెతుకులు నలిపినా చాలు. ఎండకాలంలో ఈ జిగురు మర్నాటికే పులుస్తుంది, ఏ రోజుది ఆ రోజే చేసుకోండి.

మొదటి రోజు: దాచడం

ఈ రోజు డొప్ప బయటికి తీయొద్దు. బాబును ఒళ్లో పెట్టుకుని పిల్లకు చూపించండి. తువాలు కింద దాచి "బాబేడి?" అని అడగండి. వెతికి తీసుకున్నాక ఈసారి పిల్లనే దాచమనండి. మీరు వెతకండి. మధ్యలో ఒకే మాట: "అమ్మ బాబును దాచింది." మూడు నెలలు దాచిందని లేఖనంలో ఉంది, ఈ వయసు బిడ్డకు నెలల లెక్క అక్కర్లేదు. మగపిల్లలను నదిలో పడవేయాలన్న ఐగుప్తు రాజు ఫరో ఆజ్ఞను ఇప్పుడు చెప్పకండి. "రాజుకు కోపం వచ్చింది" అంటే చాలు. అది కూడా పిల్ల అడిగితేనే.

ఐదు నుంచి ఏడు నిమిషాలు. పిల్ల లేచి వెళ్లిపోతే పాఠం అయిపోయినట్టే. వెనక్కి లాక్కొచ్చి కూర్చోబెడితే మర్నాడు తువాలు చూడగానే పారిపోతుంది.

రెండో రోజు: పెట్టె చేయడం

కుట్టిన డొప్పలో ఆకులను పట్టి ఉంచేవి సన్నటి పుల్లలు. బయటికి పొడుచుకొచ్చిన కొసలన్నీ పిల్ల లేవకముందే గోరుకత్తెరతో మట్టంగా కత్తిరించండి. పుల్లను పూర్తిగా లాగేస్తే ఆకు విడిపోతుంది. తర్వాత వేలితో అంతా తడిమి చూడండి, కంటికి కనపడని కొస వేలికి తగులుతుంది.

టబ్బులో కాసిని నీళ్లు పోసి ఖాళీ డొప్పను పిల్ల ముందే తేలించండి. నిమిషం గడిచేసరికి కుట్టుపుల్లల చిల్లుల్లోంచి నీళ్లు ఊరుతాయి. పిల్ల దాన్ని చూడాలి, వేలు పెట్టి ముట్టుకోవాలి. "అయ్యో, నీళ్లొస్తున్నయ్! బాబు తడుస్తడు గద?" జమ్ముపెట్టెకు ఆ తల్లి జిగటమన్నూ, కీలూ ఎందుకు పూసిందో పెద్దలకే ఇక్కడ బాగా తెలుస్తుంది. కీలు అంటే నీరు లోపలికి రాకుండా పూసే నల్లటి తారులాంటి పదార్థం. మిషను డొప్ప తీసుకుంటే ఈ ఘట్టం పోతుంది, అందుకే కుట్టినదాన్ని అడిగాం.

డొప్పను తుడిచి ఆరబెట్టాక బయటి వైపు జిగురు రాసి ఇవ్వండి. పొట్టు పేలికలు అతికించడం పిల్ల పని. వంకరగా అతికిస్తుంది, ఒకేచోట ఐదు పెడుతుంది. సరిచేయకండి. జిగురు ఎక్కువైతే ఆకు నాని మెత్తబడుతుంది కాబట్టి గిన్నె మీ దగ్గరే ఉంచుకుని, పిల్ల వేలికి కొంచెం కొంచెం అందించండి.

మైనం పూయడం రాత్రి పిల్ల నిద్రపోయాక, డొప్ప పూర్తిగా ఆరాక చేయాలి. ముందు మైనం పూసి తర్వాత పొట్టు అతికిద్దామనుకుంటే కుదరదు, మైనం మీద మైదా నిలవదు, ఆరగానే పొరగా ఊడి వస్తుంది. కొవ్వొత్తిని ముక్కలు చేసి, వత్తి తీసేసి, స్టీలు గ్లాసులో వేసి ఆ గ్లాసును వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టండి. మైనాన్ని నేరుగా మంట మీద కరిగించొద్దు, అంటుకుంటుంది. కరిగినదాన్ని లోపల, బయట పాత బ్రష్షుతో పూయండి, చిల్లులున్న చోట రెండుసార్లు. మరీ వేడిగా పూస్తే ఆకు పీల్చుకుని పొర నిలవదు, చల్లారాక పూస్తే గడ్డలు కట్టి రాలుతుంది. గ్లాసు అంచున తెల్లటి గీత కట్టడం మొదలైనప్పుడు పూయడమే సరైన అదను. ఏప్రిల్, మే నెలల్లో డొప్పను వాకిట్లో ఎండకు వదిలేస్తే మైనం మెత్తబడి చేతులకు అంటుతుంది, ఇంట్లో నీడన పెట్టండి.

డొప్ప దొరకనివాళ్లు కొబ్బరి చిప్ప వాడొచ్చు, దానికి మైనం అక్కర్లేదు. కానీ అడుగు గుండ్రం కాబట్టి దొర్లుతుంది. లోపల అడుగున నిమ్మకాయంత చపాతీ పిండి గట్టిగా నొక్కిపెడితే బరువు కిందికి చేరి నిలబడుతుంది.

మూడో రోజు: వదలడం, ఎత్తుకోవడం

స్నానానికి ముందు చేయండి, ఎలాగూ తడుస్తారు. టబ్బులో రెండంగుళాల నీళ్లు చాలు. ఆ రెండంగుళాల్లోనే పసిపిల్లలకు ప్రమాదం జరగొచ్చు. ఫోను మోగినా, తలుపు కొట్టినా బిడ్డను వదిలి లేవొద్దు. లేవాల్సి వస్తే బిడ్డను ఎత్తుకునే లేవాలి. పాఠం అవగానే నీళ్లు పారబోయండి.

పొట్టు మిగిలితే టబ్బు అంచున నాలుగు పేలికలు వేలాడదీయండి, అదే జమ్ము. బాబును డొప్ప నడుమ పెట్టమనండి. అంచున పెడితే ఒరుగుతుంది, అప్పుడు పిల్లే జరిపి సరిచేసుకుంటుంది, మీరు చేయి పెట్టొద్దు. కథ మీ ఇంటి మాటల్లోనే సాగాలి. నల్లగొండ ఇంట్లో ఇలా చెప్పొచ్చు:

"అమ్మ బుట్ట చేసింది. బుట్టల తమ్మున్ని పండవెట్టింది. నీళ్ల మీద పెట్టింది. అక్క దూరంకెల్లి చూస్తున్నది. రాజు బిడ్డ వచ్చింది, తమ్మున్ని ఎత్తుకున్నది. అక్క ఉరికి పోయి అమ్మను తోలుకొచ్చింది. అమ్మ ఒళ్లెకు తమ్ముడు వచ్చిండు. దేవుడు కాపాడిండు."

ఇంతే, ఇంతకు మించి ఒక్క వాక్యం కూడా కలపకండి. మాటలు మార్చకుండా ప్రతిసారీ ఇవే చెప్పండి. నాలుగైదుసార్లు విన్నాక "అక్క దూరంకెల్లి..." అని మీరు ఆగితే మిగతాది పిల్ల అందుకుంటుంది.

ఇక్కడ మేము గట్టిగా పట్టుబట్టే విషయం ఒకటుంది. ఈ కథను రాకుమారి ఎత్తుకున్న దగ్గర ఆపేయొద్దు. చాలామంది అక్కడే ఆపుతారు. ఏడాదిన్నర, రెండేళ్ల వయసులో పిల్లలకు అతి పెద్ద భయం అమ్మ కనపడకపోవడం. అమ్మ బాబును నీళ్లలో వదిలేసింది, ఎవరో కొత్తావిడ పట్టుకుపోయింది అన్నంత వరకే వింటే వాళ్ల మనసులో మిగిలేది ఆ భయమే. ఎనిమిదో, తొమ్మిదో వచనాల్లో అక్క వెళ్లి తల్లినే తీసుకొస్తుంది, ఫరో కూతురు జీతం ఇస్తానని చెప్పి బిడ్డను ఆమె చేతికే అప్పగిస్తుంది. కాబట్టి రాజు బిడ్డ ఎత్తుకోగానే ఆగకుండా, బాబు చివరికి మీ ఒళ్లోకి చేరాలి. ఆ వెంటనే పిల్లను కూడా ఒళ్లోకి తీసుకోండి. తల్లి పొద్దున్నే పత్తి ఏరడానికి వెళ్తే పాఠం నాయనమ్మ చెప్పినా ఫరవాలేదు, కానీ ఈ చివరి భాగం మాత్రం సాయంత్రం అమ్మ వచ్చాకే చేస్తే బాగుంటుంది.

ఇంట్లో కొత్తగా పుట్టిన బిడ్డ ఉంటే ఈ పాఠం మరీ పనికొస్తుంది. మోషే కన్నా అతని అన్న అహరోను మూడేళ్లు పెద్ద (నిర్గమ 7:7). అంటే జమ్ముపెట్టె చేసిన ఆ ఇంట్లో కూడా మూడేళ్ల పిల్లవాడు ఒకడున్నాడు. తమ్ముడి మీద అలిగే పిల్లకు పెట్టెను కాపలా కాసే అక్క పనో, అన్న పనో ఇవ్వండి. టబ్బు పక్కన నిలబడి డొప్ప మునగకుండా చూడటం వాళ్ల బాధ్యత. ఈ పది వచనాల్లో అక్క పేరు లేదు, చెప్పక్కర్లేదు కూడా. మిర్యాము అన్న పేరు నాలుక తిరిగే వయసు వచ్చాక చెప్పొచ్చు.

పిల్ల కావాలని డొప్పను ముంచుతుంది. ప్రతి పిల్లా ముంచుతుంది, అది అల్లరి కాదు, నీళ్లను తెలుసుకోవడం. కోప్పడకుండా "మళ్ల తేలుస్తమా?" అని బెండును తుడిచి మళ్లీ ఇవ్వండి. రెండోసారి కూడా ముంచి నవ్వుతుంటే కథ పక్కన పెట్టి నీళ్లాట ఆడనివ్వండి, కథ రేపు చెప్పొచ్చు. డొప్ప రెండు మూడు రోజుల తడికి పాడవుతుంది, బూజు వాసన రాగానే పారేయండి. బెండు బాబును మాత్రం ఎండబెట్టి దాచండి, ఐదో పాఠంలో పశువుల తొట్టెలో పడుకోబెట్టడానికి మళ్లీ కావాలి.

నాలుగో పాఠం లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన గొర్రె. దానికి పాత గొంగడి ముక్క అరచేతి పాటిది ఒకటి, ఖాళీ అగ్గిపెట్టెలు నాలుగు సిద్ధం చేసుకోండి. తెల్ల దూది వెతకనక్కర్లేదు, పాలమూరు పిల్లలు రోజూ చూసే గొర్రెలు నల్లవి, ఎర్రవి. గొంగడి ముక్క కొత్తదైతే రెండుసార్లు ఉతికి ఎండలో ఆరేయండి, ఉతకని ఉన్ని పసిచర్మానికి గుచ్చుకుని దురద పెడుతుంది. అగ్గిపెట్టెల పక్కన మందు రాసిన పట్టీలను ముందే చించి తీసేయండి.