మెట్లెక్కితే ఆయాసం, నొప్పి లేదు, ఈసీజీ బాగుంది: అయినా గుండేనా?

ముందు ఒక మాట: అసలు ఈసీజీ తీయించారా? ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఇప్పటికీ సోడా, వాము నీళ్లు, గ్యాస్ మాత్ర అన్నీ అయ్యాకే దాని వంతు వస్తుంది. మాత్రకు తగ్గినంత మాత్రాన గ్యాసేనని తేలినట్టు కాదు. ఛాతీ బరువు, దవడ లాగడం, చల్లచెమట, వీటిలో ఏది ఉన్నా ఆస్పత్రి గుమ్మం తొక్కిన 10 నిమిషాల్లో ఈసీజీ పడాలి.

లక్షణం: శ్రమపడితే ఆయాసం, ఆగితే నిమిషాల్లో సర్దుకుంటుంది

షుగరున్నవాళ్ల విషయంలో అందరూ ఏమారేది ఇక్కడే.

గుండె కండరం ఊరికే ఉన్నప్పుడే తనకందే రక్తంలోని ఆక్సిజన్‌లో సుమారు 70 శాతం లాగేసుకుంటుంది. పని పెరిగితే రక్తమే ఎక్కువ రావాలి, వేరే దారి లేదు. కణానికి ఇంధనంలాంటి ఏటీపీ నిల్వ కొద్ది సెకన్లకే సరి. గుండెకు రక్తం అందించే నాళం సన్నబడి రక్తం చాలకపోతే, మామూలుగా ఎక్కువగా వాడుకునే కొవ్వు ఆమ్లాలు మండవు. అప్పుడు గ్లూకోజును ఆక్సిజన్ లేకుండానే విరగ్గొట్టుకుంటుంది. ఒక్కో అణువుకు 30 దాకా రావాల్సిన ఏటీపీ 2కి పడిపోతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది.

కండరం బిగుసుకోవడానికే కాదు, వదులవడానికీ ఏటీపీ కావాలి. కొట్టుకున్న ప్రతిసారీ కాల్షియాన్ని తోడి లోపలి అరల్లోకి ఎత్తిపోసే పంపు దాంతోనే నడుస్తుంది. ముందు కుంటుపడేది ఈ వదులవడమే. దాంతో ఒత్తిడి ఊపిరితిత్తుల వైపు ఎగదన్ని ఆయాసం వస్తుంది. ఈసీజీలో మార్పు ఆ తర్వాత, నొప్పి అన్నిటికన్నా చివర. షుగర్‌తో నరాలు మొద్దుబారితే ఆ చివరిదీ రాకపోవచ్చు. పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగుందంటే, పడుకున్నప్పుడు రక్తం చాలుతోందని మాత్రమే అర్థం.

చేయాల్సింది: ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ పరీక్ష. హిమోగ్లోబిన్ మరవకండి. ఈ ఏజెన్సీ ప్రాంతంలో రక్తహీనత, సికిల్ సెల్ (వంశపారంపర్యంగా వచ్చే రక్తపు జబ్బు) కొత్త కాదు. రక్తం పల్చబడితే కొద్దిగా సన్నబడిన నాళం కూడా ఇబ్బంది పెడుతుంది.

లక్షణం: కూర్చున్నా తగ్గడం లేదు

నాళం పూర్తిగా మూసుకుంటే 20 నిమిషాలు దాటాక కణాలు చావడం మొదలవుతుంది. 108కి చెప్పండి, నడిపించకండి. అలర్జీ, రక్తస్రావం లేకపోతే ఆస్పిరిన్ 300 మిల్లీగ్రాములు నమిలించండి. బీపీ చూడకుండా నాలుక కింద సార్బిట్రేట్ (నాళాలు వదులు చేసే మాత్ర) పెట్టకండి. పై అంకె 90కి దిగువనున్నా, గత 24 గంటల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రా) వేసుకున్నా అసలు వద్దు.

మొదటి ఈసీజీ బాగున్నా బాధ ఉన్నంతసేపూ 15–30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో కనిపించే ట్రోపోనిన్ మొదటి గంటల్లో నెగటివ్ రావచ్చు, 3–6 గంటలకు మళ్లీ చూడాలి. ఈసీజీ గీతలో ఎస్‌టీ అనే భాగం లేచిందా, అంటే నాళం మూసుకుందని; దాన్ని తెరిచే యాంజియోప్లాస్టీకి రాయగడ నుంచి విశాఖకు రెండు గంటల్లో చేరే ప్రసక్తే లేదు. అభ్యంతరాలేవీ లేకుంటే గడ్డ కరిగించే సూది దగ్గరి ఆస్పత్రిలోనే అరగంటలో పడాలి, ఆ తర్వాతే ప్రయాణం.

నాళం ఉన్నట్టుండి ముడుచుకుపోవడం, లోపలి పొర చీలడం లాంటివి అరుదు. అవి యాంజియోగ్రామ్ చేసేవాళ్లు చూసుకుంటారు.

బండి ఎక్కించేముందు ఈసీజీని ఫోన్‌లో ఫొటో తీయండి, ఆ కాగితం మీద అక్షరాలు వెలిసిపోతాయి. బాధ ఎన్ని గంటలకు మొదలైంది, సూది ఎన్ని గంటలకు పడింది అన్నది చీటీ మీద రాసి పంపండి.