జతలో ఒక్కటే ఎందుకు కాలుతోంది?

గుంటూరులో మిర్చి నిల్వచేసే ఒక కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్‌ను నడిపే డ్రైవ్ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) మూడోసారి నా బల్ల మీదికి వచ్చింది. ఒక ఫేజులో సమాంతరంగా కలిపిన రెండు ఐజీబీటీ మాడ్యూళ్లలో (భారీ కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్చుల్లో) ప్రతిసారీ డీసీ కెపాసిటర్లకు దగ్గరగా ఉన్నదే కాలిపోతోంది. లోపం మాడ్యూలుదేనని మొదట నేనూ పొరబడ్డాను. ఆ పొరపాటుకు రెండు కొత్త మాడ్యూళ్లు బలయ్యాయి.

ఆసిల్లోస్కోపుతో కొలిస్తే, ఆన్ అయ్యే క్షణంలో కరెంటు ఎక్కువ భాగం ఆ కాలిపోయే మాడ్యూలులోకే వెళుతోందని తేలింది. లోగడ ఎవరో మరమ్మతు చేస్తూ రెండు మాడ్యూళ్ల గేట్లనూ (ఆన్, ఆఫ్ సంకేతం అందుకునే కాళ్లను) ఒకే రెసిస్టరుకు కలిపేశారు. పైగా రెండు ఎమిటర్ దారుల (కరెంటు బయటికి వెళ్లే దారుల) ఇండక్టెన్సులో (కరెంటు మార్పును అడ్డుకునే గుణంలో) ఉన్న తేడా వల్ల, గేట్లకు సంకేతాలిచ్చే డ్రైవర్‌కు తిరిగివచ్చే సన్న తీగల్లో అనవసరపు కరెంటు తిరుగుతూ, రెండు గేట్లకూ అందే వోల్టేజీని మార్చేస్తోంది.

ప్రతి గేటుకూ విడి రెసిస్టరు, ప్రతి ఎమిటర్ సన్న తీగలో అర ఓమ్ రెసిస్టరు పెట్టి, తీగలను సమాన పొడవుకు కత్తిరించి మెలిపెట్టాను. ఆ మాడ్యూళ్లు షార్ట్ సర్క్యూట్‌ను సుమారు 10 మైక్రోసెకన్లే తట్టుకుంటాయి కనుక, డీశాచురేషన్ రక్షణ (షార్ట్ సర్క్యూట్ను పసిగట్టి మాడ్యూలును ఆపే ఏర్పాటు) అంతకు ముందే స్పందించేలా సరిచేశాను. అయితే కరెంటును ఒక్కసారిగా కోస్తే ఇండక్టెన్సు వల్ల వోల్టేజీ ఎగదన్నుతుంది కాబట్టి, గేటు వోల్టేజీని మెల్లగా దించే ఏర్పాటును అలాగే ఉంచాను.

పూర్తి లోడు మీద ఇప్పుడు రెండు మాడ్యూళ్ల కరెంటూ దాదాపు సమానంగా ఉంది.