లారీ హీటెక్కుతోందా? హెడ్ విప్పే ముందు ఇవి చూడండి

నటవలస దగ్గర హైవే వదిలి విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు దాకా బండి బాగానే పోతుంది. సాలూరు దాటి ఒడిశా వైపు ఘాట్ మొదలయ్యాక రేడియేటర్ అసలు సంగతి బయటపడుతుంది. పైన లోడు, కింద చిన్న గేరు, ఎదురుగాలి లేదు. అక్కడ టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత వైపు జరిగితే పది మందిలో తొమ్మిది మంది అనే మాట ఒకటే: "హెడ్ గ్యాస్కెట్ పోయింది." అంటే ఇంజన్ పై భాగానికీ (హెడ్‌కీ) కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు పోయిందని. ఆ మాట మీద హెడ్ దింపితే ఖర్చు వేలల్లో ఉంటుంది, బండి రోజుల తరబడి షెడ్డులో ఉంటుంది, ఫైనాన్స్ వాయిదా మాత్రం ఆగదు. చాలాసార్లు తప్పు హెడ్డులో ఉండదు. డబ్బు పెట్టకుండానే తేలిపోయే చెకింగులు ముందు చెయ్యండి.

ముందు గేజీని నమ్మొచ్చో లేదో చూడండి

ముల్లు ఎర్రలో ఉంది, కానీ పై హోస్ మామూలు వేడిగానే ఉంది, నీళ్లు పొంగడం లేదు. అలాంటప్పుడు సెన్సర్ వైరు, దాని కనెక్టర్, ఎర్త్ చూడండి. మెకానిక్‌లు వాడే, తాకకుండానే వేడి కొలిచే ఐఆర్ థర్మామీటర్ ఒకటి కొనుక్కుంటే మంచిది, ధర వందల్లోనే ఉంటుంది. జ్వరం చూసే నుదుటి థర్మామీటర్ తెచ్చి ఇంజన్ మీద పెడుతున్నారు, అది పనికిరాదు. దాని కొలత నలభై మూడు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్‌కు వదిలే వాల్వు) హౌసింగ్ మీద కొలిచిన వేడికీ గేజీ చూపించేదానికీ పొంతన లేకపోతే తప్పు గేజీ లైనులో ఉంది. పొంతన ఉంటే ముందుకు వెళ్లండి.

ఎప్పుడు హీటెక్కుతోంది?

చెక్‌పోస్టు దగ్గర, ట్రాఫిక్‌లో, నిలబడి ఉన్నప్పుడు హీటెక్కి, హైవే మీద పరిగెత్తితే దిగుతోందంటే గాలి సరిపోవడం లేదు. ఫ్యాన్, బెల్టు, ఫ్యాన్ కౌల్ (ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) చూడండి. విస్కస్ ఫ్యాన్ (హబ్బులోని సిలికాన్ ఆయిల్ పట్టుతో తిరిగేది) ఉన్న బండి అయితే, బాగా వేడిగా ఉన్నప్పుడు ఇంజన్ ఆపి, తాళం చేతిలో పెట్టుకుని ఫ్యాన్ తిప్పండి. బరువుగా కదలాలి. సైకిల్ చక్రంలా తేలిగ్గా తిరిగితే లోపలి సిలికాన్ ఆయిల్ పోయింది. హబ్బు మీద నూనె చారలు, వాటికి అంటుకున్న దుమ్ము కూడా కనిపిస్తాయి.

రోడ్డు మీద బాగుండి, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే హీటెక్కితే రేడియేటర్ మూసుకుపోయి ఉంటుంది, లోపలైనా బయటైనా. స్టార్ట్ చేసిన కాసేపటికే ముల్లు ఎగబాకితే థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు, లేదా లైనులో గాలి నిలిచింది.

రేస్ చేసినప్పుడు కింది హోస్ లోపలికి అతుక్కుపోతుంటే ఆ హోస్ మార్చండి. రేడియేటర్ లోపల మూసుకుపోయిందేమో కూడా చూడండి.

ఎవరూ చూడని సందు

రేడియేటర్ శుభ్రంగానే ఉందని చెప్పే ప్రతి ఒక్కరూ ముందు నుంచి చూసి చెబుతారు. ముందు కనిపించేది ఇంటర్‌కూలర్, అంటే టర్బో నుంచి ఇంజన్‌లోకి వెళ్లే గాలిని చల్లబరిచేది. రేడియేటర్ దాని వెనకాల ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందులో చేరే చెత్త బయటికి కనిపించదు. మన జిల్లాల్లో తిరిగే బండ్లకు ఇది మరీ ఎక్కువ. కోతల రోజుల్లో ధూళి, ఊక, టెక్కలి క్వారీల గ్రానైట్ పొడి, గరివిడి వైపు మాంగనీసు దుమ్ము. ఇంజన్ బ్రీదర్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి దీనికి తోడైతే ఆ దుమ్ము రొట్టెలా పేరుకుపోతుంది.

టార్చ్ లైటు ఒక పక్క పెట్టి రెండో పక్క నుంచి చూడండి. వెలుగు రాకపోతే ఇంటర్‌కూలర్ బోల్టులు వదులు చేసి ముందుకు జరపండి. డిటర్జెంట్ నీళ్లు కొట్టి నానబెట్టి, ఇంజన్ వైపు నుంచి బయటికి, తక్కువ ప్రెషర్‌తో కడగండి. సర్వీసింగ్ షెడ్డులో గన్ను దగ్గరగా పెట్టి కొట్టిస్తే ఫిన్నులు వంగి, ఉన్న దారి కూడా మూసుకుపోతుంది. ఒక పూట పని, ఖర్చు దాదాపు సున్నా. ఇది చెయ్యకుండా కొత్త రేడియేటర్ కొన్నవాళ్లను చూస్తే బాధేస్తుంది.

క్యాప్

రేడియేటర్ క్యాప్‌ని మూతలా చూడకండి, అదొక వాల్వు. లోపల ప్రెషర్ నిలబెట్టడమే దాని పని. ఒక బార్ ప్రెషర్ పట్టే మంచి క్యాప్ ఉంటే నీళ్లు సుమారు 120 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు చిరిగిన క్యాప్ అయితే సముద్ర మట్టం దగ్గర 100కే మరుగుతాయి. ఒడిశాలోని కొరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ 97 దగ్గరే మొదలవుతాయి. అందుకే విజయనగరంలో బాగున్న బండి కొండ మీద పొంగుతుంది. మార్చేటప్పుడు పాత దాని మీద ఉన్న రేటింగే తీసుకోండి. ఎక్కువ రేటింగ్ పెడితే హోస్‌లు, రేడియేటర్ అతుకులు పగులుతాయి. చల్లారాక హోస్‌లు నలిగి కనిపిస్తే క్యాప్‌లోని రెండో వాల్వు, అంటే లోపలికి గాలి తీసుకునే చిన్నది, పట్టేసింది. దానికీ మందు కొత్త క్యాపే.

వేడి మీద క్యాప్ తియ్యొద్దు. గుడ్డ కప్పి తీసినా చేతులు, మొహం కాలతాయి. ఘాట్‌లో ముల్లు ఎక్కితే పక్కకు ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్‌ని స్లోలో కాసేపు తిరగనివ్వండి. నీళ్లు ఉన్నంతవరకు అదే మంచిది. నీళ్లు పూర్తిగా పోతే ఇంజన్ ఆపేసి చల్లారే దాకా ఆగాలి. కాలుతున్న ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలొచ్చు.

థర్మోస్టాట్ పీకేసిన బండ్లు

"మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు" అని తీసేయడం మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. చాలా ఇంజన్లలో అది తెరుచుకునేటప్పుడే బైపాస్ దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. మామూలు రోడ్డు మీద బండి చల్లగా నడిచి డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఘాట్‌లో హీటెక్కుతుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లు హౌసింగ్ విప్పి, లోపల థర్మోస్టాట్ ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే గిన్నెలో నీళ్లు పోసి, దారంతో వేలాడదీసి కాయండి. దాని మీద గుద్దిన డిగ్రీల దగ్గర, సాధారణంగా 80 నుంచి 83 మధ్య, తెరుచుకోవడం మొదలవ్వాలి.

బోరు నీళ్లు పొయ్యొద్దని వేరే చెప్పక్కర్లేదు. తీరం వెంబడి ఊళ్లలో ఆ నీళ్లు పోసిన రేడియేటర్ గొట్టాల్లో సున్నం పొర కడుతుంది. కూలెంట్ లేకుండా ఉట్టి నీళ్లతో నడిపితే లైనర్ల (పిస్టన్ తిరిగే గొట్టాల) బయటి గోడకు చిన్న చిన్న గుంటలు పడి, చివరికి నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. కంపెనీ చెప్పిన కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ పొయ్యండి.

నీళ్లు తగ్గుతున్నాయి, ఎక్కడా లీకు లేదు, కూలెంట్ ట్యాంకులో బుడగలు

ఎక్కువ డబ్బు అనవసరంగా పోయేది ఇక్కడే. బుడగలు కనిపించగానే హెడ్ గ్యాస్కెట్ అని తేల్చేస్తారు. హెడ్ దించి, లేతులో ఫేసింగ్ చేయించి (అడుగు భాగం సమం చేయించి), కొత్త గ్యాస్కెట్ వేసి బిగించాక కూడా బుడగలు అలాగే వస్తున్న బండ్లు మా షెడ్డుకు మళ్లీ మళ్లీ వచ్చాయి. కొందరు రెండోసారి కూడా హెడ్ దింపించి వచ్చారు. ఆ బండ్లన్నింటిలో తప్పు ఒకటే: బ్రేకులకు గాలి కొట్టే ఎయిర్ కంప్రెసర్.

పెద్ద బండ్లలో చాలావాటికి కంప్రెసర్ హెడ్‌ని చల్లబరిచేది ఇంజన్ కూలెంటే. సన్నటి పైపు ఒకటి నీళ్లు తెస్తుంది, ఇంకొకటి తీసుకెళ్తుంది. ఆ చిన్న హెడ్ గ్యాస్కెట్ కాలినా, హెడ్‌లో సన్నటి పగులు వచ్చినా, ఎయిర్ ట్యాంకుకు వెళ్లాల్సిన గాలి నీళ్ల దారిలోకి దూరుతుంది. ఆ గాలి కూలెంట్‌ని క్యాప్ మీంచి బయటికి తోసేస్తుంది. నీళ్లు తగ్గుతాయి, నీళ్ల మధ్య గాలి నిలుస్తుంది, బండి హీటెక్కుతుంది. హోస్‌లు గట్టిపడతాయి. లక్షణాలన్నీ హెడ్ గ్యాస్కెట్‌వే.

తేడా పట్టుకోవడానికి స్పానర్ కూడా అక్కర్లేదు. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, సమంగా ఉన్న నేల మీద చెయ్యండి. చక్రాలకు ముందూ వెనకా అడ్డురాళ్లు పెట్టండి, ఎందుకంటే ఎయిర్ మొత్తం వదిలేయబోతున్నాం. ఎయిర్ ట్యాంకుల కింద డ్రెయిన్లు తెరిచి గాలి ఖాళీ చెయ్యండి. బయటికి వచ్చే నీళ్లను తెల్లటి గుడ్డ మీద పట్టండి. మామూలు తేమకు రంగు ఉండదు, కాస్త ఆయిల్ జిడ్డు ఉండొచ్చు. ఆకుపచ్చగానో ఎర్రగానో, మీరు పోసిన కూలెంట్ రంగు కనిపిస్తే ఇక వెతకక్కర్లేదు. ఇంజన్ ఆపాక నీళ్ల లైనులో ఉండే ప్రెషర్, ఆ పగులు గుండానే కూలెంట్‌ని కంప్రెసర్‌లోకి తోసింది.

రంగు లేకపోయినా వదిలెయ్యొద్దు. డ్రెయిన్లు మూసి, కూలెంట్ నిండుగా పోసి, క్యాప్ తీసే ఉంచి స్టార్ట్ చెయ్యండి. ఒకరు క్యాబిన్‌లో ఎయిర్ గేజీ చూడాలి, ఒకరు పైన నిలబడి బుడగలు చూడాలి. ఎక్స్‌పాన్షన్ ట్యాంకు ఉన్న బండిలో, దానిలోకి వచ్చే సన్నటి గాలి పైపు దగ్గర చూడండి. మొదట్లో లైనులో మిగిలిన గాలి కొంచెం వస్తుంది, దాన్ని లెక్కపెట్టొద్దు. ఎయిర్ ప్రెషర్ పెరిగే కొద్దీ బుడగలు కూడా పెరిగి, గేజీ నిండి అన్‌లోడర్ (ట్యాంకులు నిండాక గాలి కొట్టడం ఆపే వాల్వు) 'టస్' అని కొట్టగానే బుడగలు ఆగిపోతే లేదా బాగా తగ్గిపోతే, అది కంప్రెసర్. ఇప్పుడు బ్రేకు పెడల్ పదే పదే తొక్కి ఎయిర్ తగ్గించండి. కంప్రెసర్ మళ్లీ గాలి కొట్టడం మొదలుపెట్టగానే బుడగలు తిరిగి రావాలి. రెండు మూడు సార్లు ఇలాగే జరిగితే అనుమానం అక్కర్లేదు.

హెడ్ గ్యాస్కెట్‌కు ఎయిర్ గేజీతో పని లేదు. ట్యాంకు నిండినా, నిండకపోయినా బుడగలు ఒకేలా వస్తాయి, రేస్ చేస్తే పెరుగుతాయి, నీళ్లకు పొగ వాసన ఉంటుంది.

ఇంకా ఖరారు కావాలంటే ఇంజన్ ఆపి, ఎయిర్ ఖాళీ చేసి, కంప్రెసర్ నుంచి ట్యాంకు వైపు వెళ్లే డెలివరీ పైపు కంప్రెసర్ దగ్గర విప్పి, మళ్లీ స్టార్ట్ చెయ్యండి. గాలి బయటికి పోతుంది కాబట్టి కంప్రెసర్ హెడ్‌లో ప్రెషర్ నిలవదు. బుడగలు ఆగితే తప్పు దొరికినట్టే. ఆ స్థితిలో బండిని అంగుళం కూడా కదపొద్దు, బ్రేకులు ఉండవు. పైపు నోటి దగ్గర మొహం పెట్టొద్దు.

రిపేరు పెద్ద పని కాదు. కంప్రెసర్ హెడ్ విప్పి పగులు చూడాలి. పగిలితే హెడ్ మార్చాలి, వెల్డింగ్ పెట్టించొద్దు. బాగుంటే ఫేసింగ్ చేయించి, గ్యాస్కెట్లు, వాల్వు ప్లేటు కొత్తవి వెయ్యండి. ఇంజన్ హెడ్ పనితో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ.

అంతటితో ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. ఆ గ్యాస్కెట్ ఎందుకు కాలిందో చూడాలి. డెలివరీ పైపు విప్పి లోపల వేలు పెట్టండి. నల్లటి కార్బన్ గట్టిపడి దారి సన్నబడి ఉంటే, గాలి బయటికి పోలేక హెడ్ కాలిపోతోంది. ఆ పైపు మార్చండి, లేదా పూర్తిగా శుభ్రం చేయించండి. నీళ్లు తెచ్చే సన్నటి పైపులు సున్నంతో మూసుకుపోయాయేమో ఊది చూడండి. బ్రేకు లైనుల్లో గాలి లీకులు ఉంటే కంప్రెసర్‌కు విశ్రాంతి లేకుండా పోతుంది. ఎయిర్ నింపి, ఇంజన్ ఆపి, సబ్బు నీళ్లతో జాయింట్లన్నీ చూడండి.

ట్యాంకుల్లో కూలెంట్ కనిపించిన బండి అయితే ఎయిర్ డ్రయర్ కార్ట్రిడ్జ్ మార్చి, బ్రేకు వాల్వులు తెలిసినవాళ్ల చేత విప్పించి చూపించండి. ఆ కూలెంట్ లోపలి రబ్బర్లను పాడుచేయొచ్చు. ఒడిశాలోని సుంకి నుంచి లోడుతో సాలూరు వైపు దిగే బండికి బ్రేకు సగం పట్టిందంటే ఏమవుతుందో ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లకు తెలుసు. ఇక్కడ మాత్రం డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

కంప్రెసర్ బాగుంది, బుడగలు ఆగలేదు

ఈజీఆర్ కూలర్ (ఇంజన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లబరిచేది) ఉన్న బండి అయితే, బీఎస్6 బండ్లలో చాలావాటికి ఉంటుంది, హెడ్ కంటే ముందు దాన్ని చూపించండి. అది లోపల పగిలినా బుడగలు వస్తాయి, కూలెంట్ సైలెన్సర్ దారిలో పోతుంది. అది కూడా బాగుంటే అప్పుడు హెడ్. పాత మెకానికల్ పంపు ఇంజన్లలో ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ దగ్గర బుడగలు తగ్గుతాయో చూడటం మామూలే. కామన్ రైల్ (ఎలక్ట్రానిక్‌గా డీజిల్ కొట్టే కొత్త రకం) ఇంజన్‌లో ఆ పని ఎప్పుడూ చెయ్యొద్దు. ఆ లైనులో ప్రెషర్ వెయ్యి బార్లు దాటుతుంది, డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

వాటర్ బాడీ (నీళ్ల పంపు) పోతే కింద చిన్న రంధ్రం నుంచి నీళ్లు కారి అదే చెబుతుంది. ఇంపెల్లర్ షాఫ్ట్ మీద జారిపోవడం, బ్లాక్ పగలడం లాంటివి చాలా అరుదు. పైన చెప్పినవన్నీ చూశాక కూడా దొరక్కపోతేనే వాటి దగ్గరికి వెళ్లండి.